తొమ్మిదో పుస్తకంలో నాలుగు పరుగులు

మార్చి 2

అన్నయ్యకి,

తుంటి ఎలా ఉంది? కుట్లు విప్పారా? ఫోన్ చేద్దామంటే మిల్లు మగ్గాల మోతకి నీ చెవులు ఎప్పుడో పోయాయి. నేను ఒకటంటే నువ్వు ఇంకోటి వింటావు, మధ్యలో వదిన రెండు వైపులా అరవాలి. అందుకే ఉత్తరం.

ముందు చెడ్డ వార్త చెప్పేస్తాను. మొన్న ఆదివారం మన జట్టు ఆడకుండానే ఓడిపోయింది. ఐదుగురే వచ్చారు. గడియారాలు బాగుచేసే పెద్దాయన, అదే మీ అంపైరు, పది దాకా నిలబడి, చేతి గడియారం చూసుకుని, జేబులోంచి ఇంకో గడియారం తీసి అదీ చూసుకుని, "ఏడుగురు లేరు, మ్యాచ్ వదులుకున్నట్టే" అని రాసేశాడు. ఈ సీజన్‌లో ఇంకొక్కసారి ఇలా జరిగితే లీగులోంచి జట్టు పేరు కొట్టేస్తారట. తర్వాతి మ్యాచ్ 24న, బ్యాంకు వాళ్ళతో. ఆ మాట మన ప్లంబరు కెప్టెన్ చెప్తుంటే ఆయన మొహం చూడలేకపోయాను. ఇరవై రెండేళ్ళుగా ఈ జట్టుకి స్కోరు రాస్తున్నావు. నువ్వు కర్ర ఊపుకుంటూ తిరిగొచ్చేసరికి రాయడానికి జట్టే లేకపోతే ఎలా అన్నయ్యా? నా చేతికి పెన్సిలిచ్చి వెళ్ళావు, నా చేతుల్లోనే పోయిందన్న పేరు నాకొద్దు.

ఇక నా సందేహాలు. నీ ట్రంకుపెట్టెలో ఇరవై రెండు స్కోరు పుస్తకాలూ తీసి షాపు కౌంటరు కింద పెట్టుకుని చదువుతున్నాను. మందులు అడిగేవాళ్ళు వచ్చినప్పుడే తలెత్తుతున్నాను.

బంతికి ఏమీ జరగకపోతే చుక్క పెట్టావు. ఏమీ జరగకపోతే ఏమీ రాయకూడదు కదా, చుక్క ఎందుకు? కొన్నిచోట్ల ఆరు చుక్కల్ని గీతలతో కలిపి ఎమ్ అని చేశావు. తోచక చేశావా, దానికేమైనా అర్థముందా?

అన్నిటికన్నా పెద్ద సందేహం. ఈ రా.లే. గారెవరు? ప్రతి పుస్తకంలోనూ ఉన్నాడు, ఎప్పుడూ కింద వరసలోనే. ఇన్నేళ్ళలో ఒక్కసారి అవుట్ కాలేదు. కొన్ని మ్యాచ్‌ల్లో ఇద్దరు రా.లే.లు, ఒకదాంట్లో నలుగురు. అన్నదమ్ములా? డాక్టర్ల రాతే ఇట్టే చదివేస్తాను, నీ రాత నాకో లెక్కా అనుకున్నాను గానీ ఈయన మాత్రం అంతు చిక్కలేదు.

వదిన్ని అడిగానని చెప్పు. నేర్పిన వ్యాయామాలు ఎగ్గొట్టకు.

నీ చెల్లి

---

మార్చి 6

చెల్లాయికి,

కుట్లు విప్పారు. ఇక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి నా కాలు పట్టుకుని పంపు హ్యాండిల్ కొట్టినట్టు కొడుతోంది. అరిస్తే "తాతగారూ, ఇంకో పది" అంటుంది. నాకింకా అరవై నిండలేదని చెబుదామంటే ఊపిరాడదు.

ఐదుగురే వచ్చారని చదివి ఆ పూట అన్నం సయించలేదు. మిల్లు మూసేశాక ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు, ఇప్పుడు జట్టులో మిల్లు మనిషి ఒక్కడూ లేడు. ఉన్న ఆరుగుర్నీ పట్టుకో. ఏడోవాడి కోసం మనసులో అందర్నీ తిరగేస్తున్నాను, ఎవరూ తట్టడం లేదు. నాకిక్కడ మంచం, కిటికీ, ఆ అమ్మాయి తప్ప ఏమీ లేవు. ఆదివారం పది కొట్టేసరికి చెయ్యి దానంతటదే పెన్సిలు కోసం వెతుకుతుంది. జట్టు పోతే ఆ చెయ్యిని ఏం చెయ్యాలో నాకు తెలీదు.

చుక్క సంగతి. ఏమీ జరగలేదని ఎవరన్నారే? బంతి పడింది. ఒకడు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చి వేశాడు, ఒకడు భయపడుతూ ఆపాడు, మిగతావాళ్ళు ఎండలో కాచుకుని ఉన్నారు. పరుగు రాలేదు, అంతే. అంతమంది కష్టపడితే చుక్కైనా పెట్టొద్దా? ఆరు బంతులకీ పరుగివ్వకపోతే అది గొప్ప, దాన్ని మెయిడెన్ ఓవర్ అంటారు, అందుకే ఎమ్.

రా.లే. గురించి అడిగావు చూడు, వదినకి చదివి వినిపించి ఇద్దరం పడీ పడీ నవ్వాం. అన్నదమ్ములట! నీకు కూడా వేళాకోళం పట్టుబడిందే. అవును, పెద్ద కుటుంబం. పెద్ద రా.లే. అంత నమ్మకమైన మనిషి ఇంకోడు లేడు. అతను లేకుండా ఈ మధ్య మనం ఒక్క మ్యాచూ ఆడలేదు. ఎండైనా వానైనా సరే. 24న కూడా తప్పకుండా ఉంటాడు, కావాలంటే రాసి పెట్టుకో.

మీ అన్నయ్య

---

మార్చి 10

అన్నయ్యా,

మనసు కాస్త కుదుటపడింది. ఆరుగుర్నీ స్వయంగా కలిశాను. లెక్కల మాస్టారు వస్తానన్నారు, కాకపోతే పరీక్ష పేపర్లు తెచ్చుకుని బ్యాటింగ్ వచ్చేదాకా దిద్దుకుంటారట. బేకరీ కవలలు వస్తారు. వాళ్ళలో ఎవరు ఎవరో పుస్తకంలో ఎలా రాయాలో చెప్పు. కళ్ళజోళ్ళ షాపాయన వస్తాడు. అంబులెన్సు డ్రైవరు డ్యూటీలో ఉన్నా బండితో సహా వస్తానన్నాడు. ప్లంబరు సరే సరి. ఏడోవాడు పెద్ద రా.లే. ఉండనే ఉన్నాడని నువ్వే అన్నావు.

ఆయన గురించి ఇంకాస్త వెతికాను, నాకు కుతూహలం ఆగితేగా! ఎన్నేళ్ళు తిరగేసినా పేరు పక్కన ఖాళీయే. మనిషి వచ్చి, కూర్చుని, తన వంతు రాకుండానే ఇంటికి పోతాడన్నమాట. పాపం అనిపించింది. అంతలో తొమ్మిదో పుస్తకం చివర్లో దొరికాడు! బ్యాటింగ్‌కి దిగి, ఒకే ఒక్క బంతి ఆడి, నాలుగు కొట్టాడు. నాటౌట్. మ్యాచ్ గెలిచారు. కౌంటరు దగ్గర చప్పట్లు కొట్టాను, దగ్గు మందు కోసం వచ్చినావిడ హడలిపోయింది. మిగతా అన్నిచోట్లా నీ అంకెలు అచ్చు గుద్దినట్టుంటాయి, ఆ నాలుగు మాత్రం వణికింది. అంత సంతోషమేసిందా నీకు?

ఆయన ఇల్లెక్కడ? నేనే వెళ్ళి పిలుస్తాను. ఇన్నేళ్ళలో ఆయన్నెవరైనా మర్యాదగా పిలిచారో లేదో.

నీ చెల్లి

---

మార్చి 14

చెల్లాయికి,

నిన్న కర్ర లేకుండా నాలుగడుగులు వేశాను. డాక్టరు మెచ్చుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఈడ్చిన కాలు కదా, తిన్నగా వెయ్యడం దానికీ కొత్తే, నాకూ కొత్తే. మీ వదినకి ఇక్కడి క్యాంటీను టీ పడటం లేదు. పక్క మంచం ఆయనకి రేడియో ఉంది గానీ మాకివ్వడు.

తొమ్మిదో పుస్తకం జోలికి పోకు. అది ఒకసారి వానలో తడిసింది, కాగితాలు చిరుగుతాయి. ఎక్కడ నుంచి తీశావో అక్కడ పెట్టెయ్. నేర్చుకోవడానికి ఇరవై ఒకటి, ఇరవై రెండు చాలు.

కవలల్లో పెద్దవాడికి ఎడమ చేతి వాటం. అది చూసి రాయి.

మీ అన్నయ్య

---

మార్చి 17

అన్నయ్యా,

పుస్తకం ఎక్కడా తడవలేదు. నాకు కళ్ళున్నాయి.

నాకర్థమైందిలే. నీకూ పెద్ద రా.లే.కీ ఏదో చెడింది. ఆయన మాటెత్తగానే క్యాంటీను టీ గురించి రాస్తావా? ఇల్లెక్కడంటే చెప్పవు. ఆ నాలుగు పరుగుల దగ్గరే ఏదో జరిగిందని నా అనుమానం. మీ కోపతాపాలు మీరు తీరిగ్గా పడండి, ఇప్పుడు మాత్రం నాకు ఏడుగురు కావాలి.

అందుకే నిన్న ప్లంబరుని అడిగేశాను. మా ఎదురింటి వంటగదిలో సింకు కింద దూరి ఉన్నాడు, కాళ్ళే కనిపిస్తున్నాయి. "రా.లే. గారి సంగతేంటి?" అన్నాను. "రాలేనివాళ్ళ సంగతి నేను చూసుకుంటానమ్మా, నువ్వు కంగారుపడకు" అని లోపల నుంచి అరిచాడు. రాలేనివాళ్ళు కాదు, రా.లే. అని మళ్ళీ చెబుదామనుకున్నాను గానీ పైపు ఊడి నీళ్ళు చిమ్మాయి. చూసుకుంటానన్నాడు కదా, చాలు.

జాబితా ఇవ్వడానికి నిన్నే ఆఖరి రోజు. ఏడు పేర్లూ నీట్‌గా రాసి అంపైరు గారి షాపులో ఇచ్చి వచ్చాను. ఏడోది, రా.లే. ఆయన భూతద్దం కళ్ళకి పెట్టుకుని చదివి, "ఏడుగురు, బాగుంది" అన్నాడు. నా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

నీ చెల్లి

---

మార్చి 21

ఓసి పిచ్చిదానా,

అది మనిషి కాదే! రాలేదు, రాలేదు, రాలేదు! పదకొండు గీతల్లో మనవాళ్ళు తక్కువైతే మిగిలిన గీతలు ఖాళీగా వదలకూడదని రా.లే. అని నింపేవాణ్ణి. వేళాకోళం ఆడుతున్నావనుకుని నేనూ ఆడాను. రెండో ఉత్తరంలోనే చెప్పాల్సింది. చెప్పలేదు, నాదే తప్పు, ఎందుకు చెప్పలేదో ఇప్పుడడక్కు.

ఎవర్నైనా పట్టుకో. పోస్ట్‌మేన్‌ని, మీ షాపు ఓనర్ని, ఎవరైనా సరే. ఆదివారం లోపు ఇది నీకు అందాలి. మీ వదిన పోస్టాఫీసుకి పరుగెడుతోంది.

అన్నయ్య

---

మార్చి 24, ఆదివారం సాయంత్రం

అన్నయ్యా,

ఇది కూర్చుని చదువు. వదిన్ని పక్కన ఉండమను.

తొమ్మిదిన్నరకే గ్రౌండుకి వెళ్ళాను. ఆరుగురూ వచ్చారు. డ్రైవరు అంబులెన్సుని బౌండరీ పక్కనే ఆపుకున్నాడు. బ్యాంకు వాళ్ళు పద్నాలుగు మంది, అందరికీ ఒకే రంగు చొక్కాలు. నేను గేటు వైపే చూస్తున్నాను, పెద్ద రా.లే. ఎలా ఉంటాడా అని. సన్నగా, నెరిసిన జుట్టుతో, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి కూర్చుంటాడని ఊహించుకున్నాను.

అంపైరు జాబితా తీసి పిలిచాడు. ఆరుగురూ పలికారు. "ఏడు, రా.లే. ఈ రా.లే. ఎవరండీ?"

ప్లంబరు గబుక్కున నా దగ్గరికి వచ్చి కాగితం చూశాడు. "అమ్మా, ఇది రాలేదు" అన్నాడు మెల్లగా.

"తెలుసు, ఇంకా రాలేదు. వస్తాడు" అన్నాను.

"వచ్చేది కాదమ్మా, రాలేదు!"

"అదే నేనూ అంటున్నా. రాలేదు. దారిలో ఉంటాడేమో."

"దారిలో ఉన్నాడా?" అన్నాడు అంపైరు, చివరి మాట ఒక్కటే వినబడి. ప్లంబరు నన్ను చూశాడు, గ్రౌండు చూశాడు, ఆరుగుర్నీ చూశాడు. "ఆఁ, దారిలో ఉన్నాడండి" అన్నాడు. పేరున్నవాడు మన బ్యాటింగ్ అయ్యేలోపు వస్తే చాలట. టాస్ వేసేశారు.

తర్వాత ప్లంబరు నన్ను పక్కకి తీసుకెళ్ళి రెండక్షరాల అర్థం చెప్పాడు. ఏడు పేర్లతో జాబితా ఇచ్చానని విని, నేనే ఎవర్నో పట్టుకొచ్చాననుకున్నాడట. సిగ్గుతో చచ్చిపోయాను అన్నయ్యా. ఇరవై ఏళ్ళుగా మందు చీటీలు చదువుతున్నదాన్ని! లేని మనిషి మీద జాలిపడి, చప్పట్లు కొట్టి, ఆయన ఇల్లెక్కడని నిన్ను నిలదీశాను.

ఆరుగురితో అంత గ్రౌండు కాయడం ఎలాగో నువ్వు చూసే ఉంటావు, నేను ఇప్పుడే చూశాను. బంతి వెళ్ళినచోట మనిషుండడు, మనిషున్నచోటికి బంతి రాదు. మాస్టారు పేపర్లు వదిలేసి ఒక బంతి వెనక పడ్డారు, ఆయన చేతికి అందేసరికి బ్యాట్స్‌మన్లు మూడు తీసి, నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. చూడలేక బ్యాంకు కెప్టెనే ఆటలో లేని తన వాళ్ళని ముగ్గుర్ని మనకి ఫీల్డింగ్‌కి ఇచ్చాడు. ఇలా కూడా ఇస్తారని నాకు తెలీదు. వాళ్ళలో ఒకడు, బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చునే క్యాషియరట, గాల్లోకి ఎగిరి క్యాచ్ పట్టాడు. ఎవరిదనుకున్నావ్? తన సొంత కెప్టెన్‌ది! పట్టేశాక గానీ తనేం చేశాడో అతనికి తెలీలేదు. బంతి చేతిలో పట్టుకుని తప్పు చేసినట్టు నిలబడ్డాడు. కెప్టెన్ అతని వీపు మీద ఒకటి తట్టి వెళ్ళిపోయాడు. ఆ క్యాచ్ ఎవరి పేరున రాయాలో తెలీక అంపైరుని అడిగాను. వాళ్ళు 131 చేశారు.

టీ విరామంలో ప్లంబరు వచ్చాడు. "బస్సు చెడిపోయి రాలేకపోయాడని చెబుతాను. ఇవాళ గడిస్తే చాలు, జట్టు బతుకుతుంది. నువ్వు మాత్రం పుస్తకంలో ఏడో గీత నింపెయ్."

"ఏమని?"

"ఏముంది, రా.లే. అని."

పేరు రా.లే. ఏమయ్యాడంటే రా.లే. నవ్వొచ్చింది. నవ్వుతూనే పెన్సిలు పెట్టాను గానీ చెయ్యి కదల్లేదు. షాపులో ఇన్నేళ్ళుగా ఒక్క సీసా మీదా తప్పు చీటీ అంటించలేదు నేను. ఇది తెలియక రాసినప్పుడు పొరపాటు. తెలిసి ఉంచితే? పైగా ఇది నీ పుస్తకం. నువ్వు అక్షరం తేడా రాకుండా రాసిన ఇరవై రెండు పుస్తకాల పక్కన నా అబద్ధం కూర్చోవాలా?

లేచి వెళ్ళి అంపైరుకి చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదమ్మా" అన్నాడు. తెలిసేది కాదని నాకూ తెలుసు అన్నాను. ఆయన కాగితం తీసి, మ్యాచ్ వదులుకున్నట్టు రాశాడు.

రెండోసారి, అన్నయ్యా. మంగళవారం లీగు కమిటీ కూర్చుని పేరు కొట్టేస్తుంది. నేనే చేశాను ఆ పని.

బ్యాంకు వాళ్ళు మాత్రం "పొద్దున్నే తయారై వచ్చాం, మిగతాది ఊరికే ఆడదాం" అన్నారు. ఊరికే ఆడిన ఆట ఎవరూ ఊరికే ఆడలేదు. మాస్టారు 52 కొట్టారు, ఎడమచేతి కవల 30. డ్రైవరు ప్యాడ్లు కట్టుకుని రెడీగా ఉండగా బండిలో కాల్ వచ్చింది, కాళ్ళకి ప్యాడ్లతోనే సైరన్ వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన పేరు పక్కన పూర్తి అక్షరాలతో "రాలేదు" అని రాశాను. 122కి అయిపోయాం, తొమ్మిది పరుగులు తక్కువ. ప్లంబరు కిట్ సర్దుకుని నాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళాడు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. ఉత్తరం మాత్రం రాయకుండా ఉండకు.

నీ చెల్లి

---

మార్చి 29

చెల్లాయికి,

తిట్టాను. రెండు రోజులు ఈ మంచం మీద పడుకుని గోడకి చెప్పినట్టు నిన్ను తిట్టాను. ఎవడడిగాడు దాన్ని నిజం చెప్పమని, ఆ ఒక్క గీత నింపేస్తే దాని సొమ్మేం పోయింది అని. మూడో రోజు తిట్టడానికి నోరు రాలేదు. ఎందుకో చెబుతాను. మీ వదినకి కూడా నిన్ననే చెప్పాను.

నీ అబద్ధం పక్కన కూర్చుంటుందని భయపడ్డావు చూడు, ఆ పుస్తకాల్లో నా అబద్ధం పదమూడేళ్ళుగా కూర్చుని ఉంది.

ఆ రోజు మనవాళ్ళు పది మందే. పదకొండో గీతలో రా.లే. అని పొద్దున్నే రాసేశాను. తొమ్మిది వికెట్లు పడ్డాయి. గెలవడానికి మూడు కావాలి, ఓడితే కింది తరగతికి పోతాం. అవుటైన వాడొకడు బ్యాటు నా ఒళ్ళో పడేసి "వెళ్ళు, ఎవరు చూడొచ్చారు" అన్నాడు. జాబితాలో నా పేరు లేదు. ఈ కాలుతో నన్నెవరూ ఎప్పుడూ ఆడించలేదు, నేను అడగలేదు. గీతకి బయట కూర్చుని వాళ్ళ పరుగులు రాయడమే నాకు మిగిలిన ఆట. టోపీ కళ్ళ మీదకి లాక్కుని వెళ్ళాను. ఒక్క బంతి. నాకు అప్పటికే సగం వినబడేది కాదు, కానీ ఆ బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు వినబడింది. బంతి గీత దాటింది. పరుగెత్తే పనే పడలేదు.

తిరిగొచ్చి పుస్తకం తీస్తే నా పేరు రాసే చోటు లేదు. ఆ నాలుగుని రా.లే. పక్కన వేశాను. చెయ్యి వణికిందని నువ్వు పట్టేశావు. ఆ గెలుపుతోనే ఆ ఏడు మిగిలాం. దొంగ గెలుపు. దాని మీద పదమూడేళ్ళు జట్టుని మోశాను, ఆ పేజీ ఎవరైనా అడుగుతారని ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికాను. ఇన్నేళ్ళకి అడిగింది నువ్వు. నాకు మాట పడిపోయి టీ గురించి రాశాను. అప్పుడే సూటిగా చెప్పి ఉంటే నువ్వు ఆ పేరు జాబితాలో రాసేదానివి కాదు. జట్టుని పోగొట్టింది నువ్వు కాదే, నేను.

సిగ్గుగా ఉంది. ఇంకోటి కూడా చెప్పాలి, దాచలేను. నా జన్మలో నేను చేసిన పరుగులు ఆ నాలుగే. తప్పని తెలిసినా వాటిని తలుచుకుంటే ఇప్పటికీ సంతోషమే.

ఈ ఉత్తరం తీసుకెళ్ళి అంపైరు గారికి ఇవ్వు. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

మీ అన్నయ్య

---

ఏప్రిల్ 5

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి ఏడ్చాను. ఓరి నా అన్నయ్యా, పదమూడేళ్ళు ఒక్కడివే మోశావా దాన్ని? మా ఎవరికీ చెప్పకుండా?

షాపు కట్టేసి, ఉత్తరమూ తొమ్మిదో పుస్తకమూ పట్టుకుని అంపైరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎవరిదో గడియారం పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. అంతా చదివి, మడిచి, నాకిచ్చేశాడు. "ఆ బంతి వేసింది నేనేనమ్మా" అన్నాడు.

ఆయన ఆ రోజుల్లో ఎదుటి జట్టులో ఆడేవాడట! "టోపీ లాక్కుంటే మనిషి మారిపోతాడా? ఆ నడక చూసి గుర్తుపట్టని వాడెవడు? చెవి వెనక పెన్సిలు కూడా తీయకుండా వచ్చాడు మీ అన్న. మా కెప్టెన్ అభ్యంతరం చెబుదామా అన్నాడు. నేనే వద్దన్నాను. జాలిపడి కాదమ్మా, మొదటి బంతికే వికెట్ నాదనుకుని." నాకు ఆగలేదు. నిజం చెప్పండి, మెల్లగా వేశారా అని అడిగేశాను. కోపం వచ్చింది ఆయనకి. "నేను ఎవరికీ మెల్లగా వెయ్యలేదు. మంచి బంతే వేశాను. మీ అన్న బాగా కొట్టాడు, అంతే." ఆ మాట నీకు తప్పకుండా రాయమన్నాడు.

మైదానంలో ఉన్న ప్రతివాడూ చూస్తుండగా చేసిన దొంగతనం అన్నయ్యా నీది. నువ్వొక్కడివే దాచావు.

పాత మ్యాచ్‌ని ఇప్పుడు ఎవరూ తిరగదోడరట. కొత్తది మాత్రం మారలేదు. అనుకున్నట్టే ఆ మంగళవారం కమిటీ పేరు కొట్టేసింది. అంపైరు గారే సంతకం పెట్టాడు, పెట్టాక నా వంక చూడలేదు. నీ 21వ తారీఖు ఉత్తరం నాకు సోమవారం అందింది, ఏం లాభం.

ప్లంబరు మొన్న వచ్చాడు. మా కొళాయి కారుతోందని ఎవరో చెప్పారట, ఎవరూ చెప్పలేదు. బాగుచేస్తూ గోడకేసి చూస్తూ అన్నాడు, "నువ్వు చెప్పకపోతే నేనైతే చెప్పేవాణ్ణి కాదమ్మా. అది తలుచుకుంటేనే కోపం వచ్చింది." ఆ కోపం నా మీదో తన మీదో నేను అడగలేదు. టీ ఇచ్చాను, తాగాడు.

అప్పుడు ఆయనే ఒక కాగితం తీశాడు. కొట్టేసిన జట్టుని మళ్ళీ చేర్చరు గానీ, కొత్త జట్టుగా అర్జీ పెట్టుకోవచ్చట. అట్టడుగు తరగతి నుంచి మొదలు. తొమ్మిది పేర్లు, తొమ్మిది సంతకాలు, ఈ నెలాఖరులోపు. పాత ఆరుగురూ పెట్టేశారు. ఆ క్యాషియరు తనంతట తనే అడిగాడట, బ్యాంకు జట్టులో పద్నాలుగో వాడికి ఏడాదికి ఒక్కసారి కూడా బ్యాటింగ్ రాదని. అతను ఏడు. ఎనిమిది నేను. కళ్ళు పెద్దవి చెయ్యకు. అంపైరు గారి చేత నియమాల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివించాను, ఆడవాళ్ళు ఆడకూడదని ఎక్కడా లేదు. సాయంత్రాలు కవలలు నాకు బంతులు వేస్తున్నారు. మొన్న ఒకటి తగిలి మోచెయ్యి వాచింది, మా షాపు మందే రాసుకున్నాను. స్కోరు పుస్తకం వదినకి నేర్పుతాను.

తొమ్మిదో సంతకం నీది. కాగితం ఇందులోనే పెట్టాను, వెంటనే తిప్పి పంపు. కర్రతో ఎలా ఆడతాననొద్దు. కాలు బాగోలేని వాడు బ్యాటింగ్‌కి దిగితే అతని బదులు జట్టులో ఇంకొకరు పరుగెత్తొచ్చట, అది కూడా పుస్తకంలోనే ఉంది. జూన్‌కల్లా నువ్వు నిలబడగలవని డాక్టరు అన్నాడని వదిన రాసింది. నిలబడితే చాలు.

నువ్వు కొట్టు అన్నయ్యా. పరుగు నేను తీస్తాను.

నీ చెల్లి